సౌత్ సైడ్ రాక్

ల్యాంపు మీద ఒట్టు. ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. ఇరవై ఎనిమిదేళ్లుగా నేను బొగ్గుబాయి ల్యాంపు రూములో పనిచేస్తున్నాను. బాయి దిగేవాళ్ల టోపీకి తగిలించే దీపం నా చేతి మీదుగానే పోతుంది, నా చేతికే తిరిగి వస్తుంది. దేవుడి మీద ఒట్టు తప్పినా ఏదో ఒక మొక్కుతో సర్దుకోవచ్చు. ల్యాంపు మీద ఒట్టు తప్పితే సర్దుకునే దారి లేదు. నేను ఒట్టు వేశానంటే మా బాయిలో నవ్వుతారని నాకు తెలుసు. గోదావరి వరదకు కొట్టుకొచ్చిన మొసలి మా బాయి పంపు పైపులో ఇరుక్కుందని, దాన్ని లాగేదాకా సెకండ్ షిఫ్టు ఆపారని చెప్పింది నేనే. దాన్ని చూడటానికి కాసిపేట నుంచి ఇద్దరు బస్సెక్కి వచ్చారు కూడా. అది వేరు, ఇది వేరు.

నేను డ్యూటీలో చేరిన కొత్తలో మా బాయిలో కోస్తావైపు ఇంజనీరు సారు ఒకాయన ఉండేవారు. బదిలీ మీద పోతూ క్వార్టరు ఖాళీ చేస్తుంటే సామాను ఎక్కించడానికి వెళ్లాను. అట్టపెట్టెల్లో పట్టని టేప్ రికార్డరును, దాంట్లో ఉన్న ఒక క్యాసెట్టును నా చేతిలో పెట్టి, “వింటే విను, లేకపోతే పారెయ్” అన్నారు. ఎక్కడో ఎవరి దగ్గరో ఉన్న ఆల్బం నుంచి ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించుకున్న పాటలు అవి. పాడిందెవరో, ఆల్బం పేరేమిటో ఎక్కడా లేదు. అంటించిన చీటీ మీద నీలం సిరాతో ఇంగ్లీషులో రెండే మాటలు. సదరన్ రాక్.

ఎనిమిది పాటలు. ఆ ఎనిమిది పాటలకు గోదావరిఖనిలో ముగ్గురు అభిమానులం తయారయ్యాం. ఒకడిని నేను. రెండోవాడు బాయిలో ఎలక్ట్రీషియను, నా చిన్ననాటి దోస్తు. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకుంటాం. మూడో ఆయన మా ఇంటి పక్క క్వార్టరు కాక. బాయిలో పైకప్పు కూలకుండా కర్ర దిమ్మలు నిలబెట్టే పని ఆయనది.

కాక సంగతి కొంచెం చెప్పాలి. దిమ్మ నిలబెట్టే ముందు కర్రతో పైకప్పును కొట్టి వినాలి. ఖంగుమంటే రాయి గట్టిగా ఉన్నట్టు. బోలుగా మోగితే లోపల పొర విడిచినట్టు, ఇక అక్కడ నిలబడకూడదు. ముప్పై ఏళ్లు ఆయన చేసిన పని అదే, కొట్టడం, వినడం. చదువు రాదు. కానీ ఆ చెవి ముందు మా ఇద్దరి చదువూ పనికిరాదు.

ఆదివారం పొద్దున నా క్వార్టరు వరండాలో చేరేవాళ్లం. మొదటి పాట ఒకే గిటారుతో మొదలయ్యేది. బసంత్‌నగర్ సిమెంటు లారీ డ్రైవరు ఇంజను ఆపకుండా హోటలు ముందు చాయ్ తాగుతున్నట్టు గుడగుడమంటూ ఉండేది. ఇంకా గేరు పడలేదు, ఇంకా పడలేదు అనుకుంటుండగా డప్పులు దిగేవి, లారీ కదిలేది. బావ అక్కడ తొడ మీద కొట్టుకునేవాడు. మూడో పాటలో పాడేవాడి గొంతు ఒకచోట చీలుతుంది. అది అతను కావాలని చీల్చాడా, దానంతటదే చీలిందా అని ఒక వానాకాలమంతా వాదించుకున్నాం. చివరి పాట అన్నిటికంటే పెద్దది. కాసేపు పాడి అతను మధ్యలో నోరు మూసుకుంటాడు. ఆ తర్వాత ఇంకో ఆరు నిమిషాలు గిటార్లే.

కాక వినే తీరు వేరు. కళ్లు మూసుకుని కర్రతో మంచం కోడును మెల్లగా కొడుతూ వినేవాడు. “ఇగో, బోలు మోగింది. ఇగ పడ్తది సూడు” అనేవాడు. అనడమే ఆలస్యం, గిటార్లన్నీ ఒక్కసారి కూలి మీద పడేవి.

“రెండు గిటార్లు భలే కొడుతున్నయ్” అన్నాడు ఒకసారి బావ.

“రెండు కాదు రా, మూడు.”

“రెండే, కాకా. నాకినబడ్తలేదా?”

“ఒకడు ముంగట పోతండు. ఒకడు ఎంబడి పోతండు. మూడోడు ఎనుక నిలబడి ఆళ్లిద్దరిని సూస్తండు.”

“నువ్వు సూసినవా అమెరికా పోయి?”

“నువ్వు కరెంటు తీగలు సూసుకో బిడ్డా. రాయి సంగతి నాకిడిసిపెట్టు.”

రాయి అన్నాడు చూడండి, తప్పు అక్కడ మొదలైంది. క్యాసెట్టు తెచ్చిన మొదటి ఆదివారమే, “చీటీ మీద ఏం రాసిండ్రు రా?” అని అడిగాడు. సదరన్ రాక్ అని చదివాను. సదరన్ అంటే ఏందన్నాడు. సౌత్ అన్నాను. మా బాయిలో సౌత్ సైడ్ అంటే ఒక చోటు, రాక్ అంటే నెత్తి మీద వేలాడే రాయి. కాక చేతిలో బీడీ ఆగిపోయింది.

“సౌత్ సైడ్ రాకా? ఏ బాయిల?”

నేను చేరకముందు ఎప్పుడో సౌత్ సైడ్‌లో పైకప్పు కూలి, కాకతో జోడీగా దిమ్మలు పెట్టే ఆయన చనిపోయాడని అప్పటికే విని ఉన్నాను. అది పాటల్లో ఒక రకం, అమెరికాలో దక్షిణాది వాళ్లది, మన బాయికి దానికీ సంబంధం లేదు అని ఒక్క ముక్క చెబితే అయిపోయేది. కానీ కాక ముఖం చూశాను. కథ చెప్పేవాడికి అలాంటి ముఖం దొరకడం అరుదు. నోరు ఊరింది.

“అమెరికా బాయిల, కాకా” అన్నాను.

“గట్లనా! మరి ఆఖరి పాట ఏం అంటున్నది?”

ఇంటరులో ఇంగ్లీషు అత్తెసరు మార్కులతో పాసైనవాణ్ని. పాడేవాడి నోట్లో పొగాకు ముద్ద ఉన్నట్టుంటే నాకు పది మాటల్లో ఒకటి కూడా అందలేదు. అయినా చెప్పాను. ఇద్దరు దోస్తులు బాయి దిగారని, సౌత్ సైడ్ రాయి కూలి ఒకడు పోయాడని, మిగిలినవాడు పాడుకుంటున్నాడని.

కాక బీడీని నేలకు రాసి ఆర్పాడు. తర్వాత మెల్లగా అడిగాడు. “ఆ మిగిలినోడు నిలబడ్డడా, ఉరికిండా?”

నిలబడితే కథేముంది? “ఉరికిండు కాక” అన్నాను.

“కూలుతున్నదని ఒర్రిండా? ఒర్రకుండ ఉరికిండా?”

“ఒర్రలే.”

“మరి సచ్చినోడు ఏమన్నడు?”

అప్పుడు నాకు అర్థమైంది ఆయన ఎవరి గురించి అడుగుతున్నాడో. అక్కడైనా ఆగాల్సింది. ఆగలేదు. టేప్ రికార్డరు వైపు వేలు చూపించి, “ఆ గిటార్లే, కాకా. గాయిన మాట్లాడుతున్నడు. నువ్వు ఉరికినవ్ మంచిగైంది, ఇద్దరం పోతే మనింటోళ్లను సూసేదెవ్వరు అంటున్నడు” అన్నాను. కాక లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. బావ నన్ను మెచ్చుకోలుగా చూశాడు. నా ఇంగ్లీషు మీద వాడికి అంత నమ్మకం. నాకు లోపల ఎంత గొప్పగా అనిపించిందో ఇప్పుడు తలచుకుంటే చెవులు కాలుతాయి.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం ఆఖరున “దోస్తు పాట పెట్టు రా” అనేవాడు. ప్రతిసారీ ఏదో ఒకటి కొత్తగా అడిగేవాడు, నేను కొత్తగా ఏదో ఒకటి తగిలించేవాణ్ని. కాక రిటైరయ్యాడు, ఊపిరితిత్తుల్లోకి దుమ్ము చేరి నాలుగడుగులకు ఒకసారి ఆగుతున్నాడు. పోయిన ఏడాది ఒక ఆదివారం ఇలా అడిగాడు. “ఆ ఉరికినోడు మల్ల సచ్చినోని ఇంటికి పోయిండా?”

“పోయిండు కాక. పోయి ఆమె ముంగట కూసున్నడు.”

“అయితే మనం సుత పోదాం.”

చనిపోయినాయన భార్య శ్రీరాంపూర్ కాలనీలో కొడుకు దగ్గర ఉంటుంది. టేప్ రికార్డరును రెగ్జిన్ సంచిలో పెట్టుకుని, కాకను చేయి పట్టి బస్సెక్కించి, గోదావరి వంతెన దాటించాను. దారి పొడుగునా నిజం చెప్పడానికి నాకు సమయం ఉంది. కాక కిటికీలోంచి నీళ్లు చూస్తూ, “అర్థం మంచిగ చెప్పు, ఎన్కముందు కానియ్యకు” అన్నాడు. సరేనన్నాను.

ఆమె గడపలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. కాకను చూసి లేవబోయి లేవలేదు. చాప చూపించింది. కాక నా వైపు చూశాడు. నేను పాట పెట్టాను. పెట్టి, నా నోటితో నా అబద్ధాన్ని మొదటి నుంచి చివరిదాకా ఆమెకు వినిపించాను. గిటార్ల దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నాకే వినబడటం మానేసింది.

“గా ఒర్రుడు జర బంద్ చెయ్యి బిడ్డా” అందామె. ఆపాను.

కాక అన్నాడు. “చెల్లె, నేను ఉరికిన. బోలు మోగింది నాకే ముందుగాల ఇనబడ్డది. వానికి ఒర్రి చెప్పలే.”

ఆమె గింజ తీసి పక్కన పెట్టింది. “నాకా దినమే ఎరుక అన్నా. బాయి సర్దారు చెప్పిండు. నువ్వు ఉరికినందుకు నేనేమనలే. పానం ఎవలకు తీపి కాదు? పదకొండు దినాల్ల ఒక్కనాడు సుత మా గడప తొక్కకపోతివి. గదొక్కటే నా కడుపుల ఉన్నది.”

తర్వాత ఆమె చాయ్ పెట్టింది. కాక సాసర్లో పోసుకుని తాగాడు. తిరుగు బస్సులో, “ఆ అమెరికా ఆయిన లేకుంటే నేను పోకపోదును రా” అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

ఈ ఏడాది ఎండాకాలంలో టేపు చుట్టుకుపోయి తెగింది. తెగని ముక్కను చిన్నగా మోగిస్తూ, బావ తన ఫోనుకు వినిపించాడు. పాట విని అది ఎవరిదో చెప్పే యాప్ ఒకటి ఉంది వాడి దగ్గర. క్షణంలో మొత్తం ఆల్బం తెర మీద ప్రత్యక్షమైంది. ఆ రోజు కాక రాలేదు, ఆయాసం ఎక్కువగా ఉంది. వాయించినవాళ్ల జాబితా చదివి బావ ఎగిరి గంతేశాడు. గిటారు వాయించేవాళ్లు ముగ్గురు. కాక చెవి ఒక్కనాడూ తప్పలేదు.

అదే ఊపులో చివరి పాట మాటలు తీసి ఫోనుతోనే తెలుగు చేయించాడు. తాగి ఇంటికి వచ్చినవాణ్ని పెళ్లాం బయటికి నెట్టి తలుపు వేసుకుంది. బూట్లు లోపలే ఉండిపోయాయి. తలుపు తియ్యకపోతే పోనీ, నా బూట్లన్నా ఇయ్యి అని బతిమాలుకుంటున్నాడు. పాట అంతా అదే.

బావ పడీ పడీ నవ్వాడు. నవ్వి, ఒక్కసారిగా ఆపాడు. “మరి శ్రీరాంపూర్ల ఏం జెప్పినవ్ రా?” అన్నాడు. నేను నేల చూశాను. “కాకకు నువ్ జెప్తవా, నన్ను జెప్పమంటవా?”

“నేనే చెప్తా” అన్నాను.

మరునాడు పొద్దున కాక ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. బూట్ల సంగతి వినగానే ఆయన మంచం మీద లేచి కూర్చుని, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత కర్ర తీసి నా రొమ్ము మీద రెండుసార్లు కొట్టి, చెవి పెట్టి విన్నాడు. “బోలుగున్నది రా నీది. దిమ్మ పెట్టాలె” అన్నాడు. ఇద్దరం మళ్లీ నవ్వుకున్నాం.

ల్యాంపు మీద వేసిన ఒట్టు ఇక్కడ తప్పాను. ఈ చివరి ముక్క, కాక నవ్వడం, నా రొమ్ము మీద కర్రతో కొట్టడం, నేను కల్పించింది. నేను ఆయనకు చెప్పలేదు.

జరిగింది ఇది. వెళ్లాను. గడపలో నిలబడ్డాను. “టేపు తెగిందట గద, పాట మల్ల ఒక్కసారి నోటితోనన్న చెప్పు రా” అన్నాడు. చెప్పాను, అదే అబద్ధం. అది చాలదన్నట్టు, తల నిండా ఆ బూట్లే తిరుగుతున్నాయేమో, నోరు జారి వాటిని కూడా అందులో కలిపాను. చచ్చినవాడి బూట్లను ఉరికినవాడు మోసుకొచ్చి వాళ్ల ఇంట్లో ఇచ్చాడని.

కాక ముఖం మాడిపోయింది. “బూట్లు తెచ్చిండా? నాకా సోయే లేకపాయె రా. వాని బూట్లు ఏమైనయో నేను అడగనేలేదు” అన్నాడు. అప్పటి నుంచి సరిగ్గా తినడం లేదని కాక భార్య చెప్పింది. దారిన పోయే పాత కార్మికులను పిలిచి, ఆ బూట్లు అప్పట్లో ఎవరు తీశారో తెలుసా అని అడుగుతున్నాడట.

అందుకే ఇది రాశాను. నోటితో చెబితే మళ్లీ ఏదో ఒకటి కలుపుతాను, నన్ను నేను ఎరుగుదును. ఈ కాగితాలు బావకు ఇస్తున్నాను. వచ్చే ఆదివారం వాడు కాకకు చదివి వినిపిస్తాడు. కాకా, బూట్ల ఫికర్ చెయ్యకు, అవి ఎవరో తాగుబోతువి. దోస్తు పాట లేదు, నేనే చేసిన. కానీ ‘నువ్వు ఉరికినందుకు నేనేమనలే’ అని శ్రీరాంపూర్‌ల చిన్నమ్మ అన్న మాట నేను చేసింది కాదు. దానికి నా ఒట్టు నమ్మకు. నీ చెవులతోని నువ్వే ఇన్నవ్.

ఆఖరికి ఆ తాగుబోతు పెళ్లాం తలుపు తీసిందో లేదో పాటలో లేదని బావ చెప్పాడు. వాడు చదువుతున్నంతసేపూ నేను కాక ఇంటి బయట అరుగు మీద ఉంటాను. ఉరకడానికి వీల్లేకుండా, చెప్పులు లోపల విడిచి వచ్చి కూర్చుంటాను.