హైడ్రోజన్ వార్తలో కోసేసిన పేరా

తొంభైల మొదట్లో నేను కరీంనగర్‌లో ఒక దినపత్రిక డెస్కులో పనిచేసేవాణ్ణి. టెలిప్రింటర్ మీద ఇంగ్లిషులో వచ్చే వార్తలను తెలుగు చేసి, పేజీలో ఉన్న జాగాకు సరిపెట్టడం నా పని. జాగా చాలకపోతే కింది నుంచి కోసేవాళ్లం. ముఖ్యమైనదంతా పైనే ఉంటుందని మా నమ్మకం.

ఒక సాయంత్రం హైడ్రోజన్ వార్త వచ్చింది. నీటి నుంచి హైడ్రోజన్ తీసి బొగ్గుకూ పెట్రోలుకూ బదులు వాడే పరిశోధనలో చేతులు కలపాలని కొన్ని దేశాలు సమావేశమయ్యాయి. మన శాస్త్రవేత్తలూ వెళ్లారు. పత్తి ధరల పక్కన కాస్త చోటు దొరికింది. చివరి పేరా పట్టలేదు, కోసేశాను. ‘బొగ్గు రోజులు ముగిసినట్లే’ అని హెడ్డింగ్ పెట్టి టీ తాగడానికి వెళ్లాను.

నాలుగో రోజు బెల్లంపల్లి నుంచి అక్క ఆఫీసుకు ఫోన్ చేసింది. బావ మెడికల్ బోర్డుకు పోనంటున్నాడట. హోటల్లో ఎవరో మా పేపర్‌లో ఆ హైడ్రోజన్ వార్త పైకి చదివితే విన్నాడట.

“గా వార్త నిజమేనా తమ్మీ?” అని అడిగింది.

నేనే వచ్చి చెబుతానన్నాను.

బావ బొగ్గు గనిలో సర్దార్. షిఫ్టు దిగేముందు సేఫ్టీ దీపం పట్టుకుని ముందుగా లోపలికి పోయేది ఆయనే. గ్యాస్ లేదని ఆయన చెప్పాకే మిగతావాళ్లు అడుగుపెట్టాలి. బొగ్గు దుమ్ములో అలా తిరిగి తిరిగి ఊపిరి పాడైంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అయితే రిటైర్మెంట్‌కు ముందే బోర్డు ‘అన్‌ఫిట్’ అని రాస్తే ఉద్యోగం కొడుక్కి వస్తుంది. బొగ్గు ఊళ్లలో రోగం కూడా వారసులకు ఆస్తే. ఆ పిలుపు కోసం బావ రెండేళ్లు తిరిగాడు. ఎల్లుండే బోర్డు. ఇది తప్పితే మళ్లీ పిలుపు వచ్చేలోపే ఆయన రిటైర్ అయిపోతాడు.

తూకానికి అమ్మడానికి కట్టిపెట్టిన కాగితాల్లో వెతికితే నేను కోసేసిన చివరి పేరా ఉన్న టెలిప్రింటర్ ముక్క దొరికింది. మడిచి జేబులో పెట్టుకున్నాను. మర్నాడు మంచిర్యాల మీదుగా పోయే బస్సు ఎక్కాను. దారి పొడవునా చెయ్యి జేబు మీదే ఉంది.

బావ నన్ను చూసి నవ్వాడు. గ్యాస్ ఉందని తెలిస్తే తాము బయటికి ఉరుకుతామని, అక్కడ దొరలు గ్యాస్ కోసం మీటింగులు పెట్టుకుంటున్నారని ఎగతాళి చేశాడు. నీళ్లే కావాలంటే మా గనికి రమ్మను, రాత్రింబగళ్లు తోడినా ఒడవట్లేదు, ఊరికే తీస్కపొమ్మను అన్నాడు. మా మేనల్లుణ్ణి భివండీలో మరమగ్గాల మీద పనిచేసే తన తమ్ముడి దగ్గరికి పంపే ఏర్పాటు చేసేశాడు. తప్పు నాదని చెప్పడానికి నోరు తెరిచేలోపే ఆయన గొంతు మారింది.

“మా బాపు మగ్గం ఇడిసిపెట్టేనాటికి ఇంట్ల గింజ లేకుండె. మిల్లులు మింగుతయని ఎవ్వలు ముందుగాల చెప్పలే. నాకు నువ్వు చెప్పినవ్.”

జేబులోని కాగితం తీయడానికి చాలాసేపు పట్టింది. చివరి పేరా తెలుగులో చెప్పాను. ఇది ఎప్పటికి అవుతుందో ఎవరికీ తెలియదు. ఖర్చు అంతులేనిది. కలిసి చేద్దామని అందరూ అన్నారు కానీ, ముందు నిలబడి నడిపించడానికి ఏ దేశమూ ఒప్పుకోలేదు. మళ్లీ కలుద్దామనుకుని లేచారు.

బావ చాలాసేపు దగ్గాడు. తర్వాత అడిగాడు.

“అంటే, దీపం పట్టుకొని ముందుగాల పోయెటోడు ఎవడు లేడన్నట్టు.”

“లేడు బావా.”

“మరి గిదంత కోసేసి ఎట్ల రాసినవ్ బామ్మర్దీ?”

జాగా లేదన్నాను. ఆ మాట నాకే సిగ్గనిపించింది. ఆయన కోప్పడలేదు. సర్దార్ పోకుండా ఎవడూ గని లోపలికి పోడని, అక్కడా అంతేనని, ఇంకో తరం దాకా బొగ్గుకు ఢోకా లేదని తనకు తానే చెప్పుకున్నాడు. తెల్లారి బోర్డుకు పోయాడు. అన్‌ఫిట్ అని రాశారు. భివండీ ప్రయాణం ఆగిపోయింది.

కొన్ని నెలలకు మేనల్లుడు మొదటి షిఫ్టు దిగిన రోజు నేను అక్కడే ఉన్నాను. సైరన్ కూసింది. బావ అలవాటుగా లేచి నిలబడి, చేతుల్లో ఏమీ లేదని గుర్తొచ్చి మంచం మీద కూలబడ్డాడు. ఇవాళ ముందు పోయే సర్దార్ ఎవరో, దీపం సరిగ్గా చూస్తాడో లేదో అని గొణుక్కున్నాడు. అక్క గడప మీద కూర్చుంది. నా వైపు చూడకుండానే అంది.

“గా కాయిదం నీకు దొరకకుంటేనే బాగుండు తమ్మీ.”

నిజమేనా అని ఫోన్లో అడిగినప్పుడు ఆమె ఏ జవాబు కోసం ఎదురుచూసిందో నాకు అప్పుడు తెలిసింది. షిఫ్టు ముగించుకుని వాడు వాకిట్లోకి వచ్చేదాకా మేం ముగ్గురం అన్నం ముట్టలేదు.