పాందన్ మీద మా ఆవిడ

మా ఆవిడ పుట్టిన ఊళ్లో ఊరికే నడవడమనే పని ఒకటి ఉంటుందని ఎవరికీ తెలియదు. చేనుకు పోతారు, బస్సుకు పోతారు, చుట్టాలింటికి పోతారు. చేతిలో కొడవలో, సంచో, కనీసం గొడుగో ఉంటుంది. ఎదురైన ప్రతి మనిషీ "ఎటు పోతున్నరు?" అని అడుగుతాడు. అది ఆరా తీయడం కాదు, పలకరింపు. కానీ జవాబు చెప్పి తీరాలి. "ఎటూ లేదు, నడుస్తున్నం" అంటే ఎదుటివాడి ముఖం చిన్నబోతుంది. తనకు చెప్పకూడని పనేదో ఉందనుకుంటాడు.

నేను ముప్పై ఏళ్లు కరెంటు కేంద్రం వాళ్ల ఊర్జానగర్ కాలనీలో ఉన్నవాణ్ని. అక్కడ పార్కులో గుండ్రటి బాట ఉండేది. పొద్దున్నే బూట్లు వేసుకుని అందరం దాని చుట్టూ తిరిగేవాళ్లం. ఎటు పోతున్నావని అడిగితే నవ్విపోయేవారు. రిటైరయ్యి క్వార్టర్ ఖాళీ చేశాక, తెలుగూ మరాఠీ కలిసే సరిహద్దులో గోండ్‌పిప్రికి ఇవతల ఉన్న ఆమె పుట్టినూళ్లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. ఊరంతా నన్ను జావయ్‌బాపు అంటుంది, అంటే అల్లుడుగారు అని. అరవై ఏళ్ల వయసులో మళ్లీ అల్లుడి మర్యాదలు దొరకడం నాకైతే బాగానే ఉంది.

ఇల్లు కట్టిన ఏడాదే ఆమె గుండెకు నాగపూర్‌లో రెండు స్టెంట్లు వేశారు. రోజూ పొద్దున అరగంట నడవాల్సిందే, మానేస్తే మళ్లీ నా దగ్గరికే వస్తారు అన్నాడు డాక్టరు. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పనని మా ఆవిడ నా చేత ఒట్టు వేయించుకుంది. చుట్టాల పెళ్లికి పోయొచ్చామని తనే అందరికీ చెప్పుకుంది. ఆమెకు "అయ్యో పాపం" అనే మాట పడదు. ఇదే ఊళ్లో మగపిల్లలతో పోటీపడి చింతచెట్లు ఎక్కిన మనిషి.

"నన్ను జూసి వీళ్లు జాలిపడితే నేను ఒక్క దినం గూడ ఈ ఊళ్లె ఉండ" అంది. నేను ఒట్టేశాను. ఆమెతో వాదించి గెలిచిన రోజు నాకు గుర్తులేదు.

ఇక బాట వెతికే పని నాది. ఊరి నుంచి మూడు దారులున్నాయి. డాంబర్ రోడ్డు మీద ఇటుకల ట్రాక్టర్లు, లారీలు, దుమ్ము. రెండు రోజులకే దగ్గు పట్టుకుంది. రెండోది అడవి వైపు. ఇప్పచెట్ల కింద నీడ, చల్లగాలి, అంత అందమైన దారి నేనెక్కడా చూడలేదు. మొదటి మలుపులోనే ఫారెస్టు గార్డు ఆపాడు. "బాపూ, నిన్న పొద్దుమీకి ఇక్కడనే పులి అడుగులు పడ్డయి. ఎండ ఎక్కినంక రాండ్రి" అన్నాడు. పులి కనబడితే పరుగెత్తాలి, పరుగెత్తితే గుండెకు మంచిది కాదు, రెండు తీర్లా నష్టమే అని ఆమే వెనక్కి తిరిగింది. మిగిలింది పాందన్.

పాందన్ అంటే చేల మధ్య నుంచి వాగు దాకా పోయే పాత బండ్లబాట. ఒక పక్క వరి, ఒక పక్క పత్తి, గట్ల మీద కంది. ఎత్తుపల్లాలు లేవు. పోయి రావడానికి అరగంట. మా నడక కోసమే చేసినట్టుంది. తుమ్మకొమ్మలు మీదికి వాలి కొంగు పట్టుకుంటాయి, ఒకచోట నీళ్ల కాలువ అడ్డం వస్తుంది, అంతే.

మొదట్లో ఆమె ప్రతి రెండు మడులకూ ఒకసారి ఆగేది. ఆయాసం అని మాత్రం ఒప్పుకునేది కాదు. కందిపూత పట్టుకుని చూసేది. "ఈసారి పూత మంచిగున్నది గదా" అనేది, రొప్పు దాచుకుంటూ. నేనూ కందిపూత మీద శాస్త్రవేత్తలాగా తల ఆడించేవాణ్ని. నిజం చెప్పాలంటే ఆ ఆగిన నిమిషాలే నాకు ఇష్టంగా ఉండేవి. ముప్పై ఏళ్ల షిఫ్టు డ్యూటీల్లో మేమిద్దరం కలిసి ఒక పువ్వును చూసిన పాపాన పోలేదు.

ఎటు పోతున్నరని అడిగిన వాళ్లకు ఆమె ఏదో ఒకటి చెప్పేది. వాగు అవతల మేకపిల్ల అమ్మకానికి ఉందట, చూసొస్తామని ఒకరోజు నోరు జారింది. వారం తిరగకముందే ఒకాయన మేకపిల్లను భుజాన వేసుకుని మా వాకిట్లోకి వచ్చాడు. తిప్పి పంపడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆమెకు దారిలో నోరు ఎండేది. అందుకని ఒక సీసాలో నీళ్లు పట్టుకుపోయేవాళ్లం. మా కాలనీ తెలివి అది. తెల్లవారుజామున సీసాడు నీళ్లతో చేల వైపు పోయే మనిషిని చూసి ఊళ్లో ఏమనుకుంటారో నా బుర్రకు తట్టనేలేదు.

దీపావళి దాటిన వారంలో పాందన్ మొదట్లోనే విజిల్ మోగింది. గుడ్ మార్నింగ్ పథక్. పొద్దున్నే చెంబుతో బయటికి పోయేవాళ్లను పట్టుకుని, తిట్టకుండా చేతిలో పువ్వు పెట్టి సిగ్గుపడేలా చేసే దండు అది. నలుగురు వచ్చారు. అంగన్‌వాడీ తాయి, అంటే అక్క, ఒక్కతే ఊరి మనిషి, మిగతావాళ్లు తాలూకా నుంచి వచ్చినవాళ్లు. సీసా చూశారు. ఇంట్లో మరుగుదొడ్డి లేదా తాయీ అని మరాఠీలో మర్యాదగా అడిగారు. నేను నోరు తెరిచాను. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా గిల్లింది. నీళ్లెందుకో చెప్పాలంటే నడకెందుకో చెప్పాలి, నడకెందుకో చెబితే గుండె సంగతి బయటపడుతుంది. ఆమె ఆ గులాబీ పువ్వు తీసుకుంది. వాళ్లు చప్పట్లు కొట్టారు. పాలకు పోయేవాళ్లు, బస్సుకు పోయేవాళ్లు నిలబడి చూశారు. అంగన్‌వాడీ తాయి మాత్రం "అక్కా, నువ్వా!" అని తల దించుకుంది.

మర్నాడు ఆమె లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు. "మా నాయిన ఊళ్లె నన్ను గట్ల నిలవెట్టిండ్రు. ఇగ ఆ బాట తొక్క" అంది. బతిమాలాను. కోపం చేశాను. "నీకేమన్న అయితే నేనేం గావాలె?" అని అరిచాను. గోడ వైపు తిరిగి పడుకుంది. పది రోజులయ్యేసరికి బావి దగ్గర నుంచి బిందె తేవడానికి రెండుసార్లు ఆగుతోంది. అంత భయం నాకు నాగపూర్ ఆస్పత్రిలో కూడా వేయలేదు.

ఒక పొద్దున నేనొక్కణ్నే పాందన్ మీద పోయాను. ఎందుకో నాకే తెలియదు. కాలువ దగ్గర చేను ఉన్న ముసలాయన కనబడ్డాడు. మా ఆవిడ ఆయన్ని కాకా అంటుంది, వరసకు చిన్నాన్న.

"జావయ్‌బాపూ, బిడ్డ ఏది? ఊరు నవ్విందని కోపమొచ్చిందా ఏంది?" అన్నాడు.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనుకున్నాను. నోట్లోంచి నిజం వచ్చేసింది. స్టెంట్లు, డాక్టరు, ఒట్టు, నీళ్ల సీసా, అంతా చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను కూడా. ఆయన మొత్తం విన్నాడు. తలపాగా సవరించుకుని ఎడ్ల దగ్గరికి పోయాడు. ఇంత చెప్పుకుంటే ఒక్క మాటన్నా అనడేమని నాకు ఒళ్లు మండింది.

నాలుగో రోజు మా ఆవిడ పిండిగిర్ని నుంచి వచ్చి సంచీ నేల మీద కొట్టింది. గిర్ని దగ్గర ఎవరో "ఇప్పుడు పానం ఎట్లుందక్కా?" అని అడిగారట.

"చెప్పినవా?"

"కాకకు ఒక్కనికే చెప్పిన."

ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు. తెల్లవారి నాకన్నా ముందు లేచింది. జుట్టు ముడేసుకుంది, చెప్పులు తొడుక్కుంది. "నడువ్. ఆ కాకనే అడుగుత, ఎంతమందికి జెప్పిండో" అంది. పోట్లాటకు పోతున్న మనిషి వెనకాల నేను దొంగలా నడిచాను.

పాందన్ మీదికి వాలిన తుమ్మకొమ్మలు రెండు పక్కలా నరికేసి ఉన్నాయి. కాలువ మీద రెండు బండలు పరిచి ఉన్నాయి. అది కాదు నన్ను ఆపేసింది. రెండు మడులకొకటి చొప్పున గట్టు పక్కన కూర్చోవడానికి ఏదో ఒకటి పెట్టి ఉంది. ఒక చేను దగ్గర నున్నగా చెక్కిన దుంగ. ఇంకో చేను దగ్గర పగిలిన రుబ్బురోలు బోర్లించి ఉంది. తర్వాత ఇటుకల మీద ఒక షాబాదు బండ. ఎవరి చేను దగ్గర వాళ్లు, ఇంట్లో ఉన్నది తెచ్చి పెట్టారు. ఆమె ఆయాసానికి ఎక్కడెక్కడ ఆగుతుందో వాళ్లందరూ ఎప్పుడో చూసిపెట్టుకున్నారు. ఒక్క మనిషి కూడా అక్కడ నిలబడి లేడు. ఎవరూ అయ్యో అనలేదు.

ఆమె చూసింది. చూడనట్టే నడిచింది. నన్ను తిడుతూనే ఉంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషివి, నీతో ఇన్నేళ్లు ఎట్ల ఏగిన్నో అంది. దుంగ దాటింది. రోలు దాటింది. ఊపిరి బరువెక్కుతున్నా తిట్టడం ఆపలేదు. షాబాదు బండ కూడా దాటేసింది.

కాలువ బండల మీద నుంచి అవతలికి అడుగుపెట్టాక, కాకా చేను గట్టున పాత ఎడ్లబండి పలక ఒకటి రెండు రాళ్ల మీద పెట్టి ఉంది. దాని మీద గోనెసంచి మడిచి పరిచి ఉంది. ఆమె దాని ముందు కాసేపు నిలబడింది. తర్వాత కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. ఊపిరి నిలకడ కావడానికి సమయం పట్టింది, ఈసారి దాచుకోలేదు. నేను దూరంగా నిలబడే ఉన్నాను.

ఆమె పలక మీద ఒక పక్కకు జరిగింది.

"కూసో" అంది. "నిన్ను తిట్టుడు ఇంక అయిపోలె."