ఇంటి తగాదా, కడుపులో పుండు

నాకు ఒంట్లో బాగా లేదని మొదటిసారి తెలిసిన రోజున మా ఇంటి యజమాని సుంకన్న తాడు పట్టుకొని మా వంటింటి కొలతలు తీస్తున్నాడు. కర్నూలు రాజధాని అయిన కొత్త. మద్రాసు నుంచి వచ్చిన ఉద్యోగులు గుడారాలలో ఉంటూ, నాలుగు గోడలూ కప్పూ కనబడిన చోటల్లా బాడిగకు అడుగుతున్న రోజులు. నేను ఒక తెలుగు దినపత్రికకు ఆ ఊరి విలేఖరిని. నేనూ నా భార్య వెంకటసుబ్బమ్మా పదకొండేళ్లుగా సుంకన్న మిద్దెలో ఉంటున్నాము.

మాకంటే ఎక్కువ బాడిగ ఇస్తామన్న ఇద్దరు కొత్త గుమాస్తాలు ఆయన వెంట ఉన్నారు. నేను పీట మీద కూర్చొని జొన్నరొట్టె తింటున్నాను.

"ఇది వంటిల్లు. గాలి శానా బాగుంటాది," అని వాళ్లకు చెప్పి, ఆయన నా వైపు తిరిగాడు. "కాలు రవ్వంత జరుపప్పా పేపరాయనా, తాడు పోవల్ల."

జరిపాను. రొమ్ము ఎముక కింద అరచేతి వెడల్పున మంట మొదలైంది. కారం ఎక్కువైంది కాబోలు అనుకున్నాను. నీళ్లలో సోడా ఉప్పు కలుపుకొని తాగితే తగ్గింది. అలా తగ్గడమే నన్ను మోసం చేసింది.

తరువాత అది రోజువారీ అయింది. తిన్న రెండు గంటలకు మంట వచ్చేది. మళ్లీ ఏదైనా తింటే ఊరుకునేది. శాసనసభ గ్యాలరీలో జేబులో బొరుగులు పెట్టుకొని నములుతూ నోట్సు రాసుకునేవాణ్ణి. రెండు నెలలకు నా చొక్కా నాకు వదులైంది. అప్పుడు నా భార్య పట్టుబట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

బేరియం మీల్ ఎక్స్‌రే అన్నారు. సున్నపు నీళ్లలాంటిది గ్లాసెడు తాగించి, చీకటి గదిలో చల్లటి పలక ముందు నిలబెట్టారు. ఫిలిం వెలుతురుకు పెట్టి డాక్టరు చెప్పారు: "డ్యూడినల్ అల్సర్. పేగు మొదట్లో పుండు. మీకు వర్రీ ఏమైనా ఉందా?"

"ఏమీ లేదండి," అన్నాను.

"పేపర్లో పని చేస్తూ వర్రీ లేని మనిషిని ఇప్పుడే చూస్తున్నాను," అన్నారు ఆయన, నవ్వకుండా.

ఊళ్లో అందరి తగాదాలూ పత్రికకు రాసేవాణ్ణి నేను. నా తగాదా ఇంకొకరి నోట పడడం నాకు ఇష్టం లేకపోయింది. అంతకు మించి కారణం లేదు.

మూడు వారాల బెడ్ రెస్ట్, రెండు గంటలకొకసారి పాలు, ఆల్కలీ పౌడరు. మంట తగ్గింది. ఇంటికి పంపుతూ డాక్టరు ఒక మాట గట్టిగా చెప్పారు: "మలం తారులాగా నల్లగా వస్తే లోపల బ్లీడింగ్ అని అర్థం. ఒక్క పూట కూడా ఆగవద్దు."

మట్టి మిద్దెలో కాపురమున్నవారికి ఈ సంగతి తెలుసు, మిగతావారికి చెబుతాను. వానలకు ముందు మిద్దె మీద చవుడు మట్టి పరవకపోతే ఇల్లు కారుతుంది. ఏటా ఆ పని యజమానే చేయిస్తాడు. ఆ ఏడు సుంకన్న చేయించలేదు. అడిగితే, "కారనీలేప్పా. కారితే పోతావు గదా," అన్నాడు.

తొలివాన మా మంచం మీదే కురిసింది. నేను మా వీధి మిద్దెలన్నిటికీ చవుడు పరిచే ఖాసింసాబును పిలిపించాను.

"సుంకన్నకు ఒక మాట చెప్పినారా అయ్యా?" అని ఆయన అడిగాడు.

"చెప్పేదేముంది, ఏటా పరిచేదే గదా," అన్నాను.

వారానికి నోటీసు వచ్చింది. యజమాని అనుమతి లేకుండా, పాత మట్టి గీకకుండా, దానిమీద కొత్త మట్టి పోసి ఆ బరువుతో కప్పు దూలం విరిచినందుకు ఇల్లు ఖాళీ చేయించాలని రెంట్ కంట్రోల్ కోర్టులో దావా. ఆ మధ్యాహ్నమే మంట తిరిగి వచ్చింది. సోడా ఉప్పుతో కూడా తగ్గలేదు.

మూడు వాయిదాలు గడిచాయి. వాయిదా రోజున పాలు లేవు, పౌడరు లేదు. కోర్టు ఎదుట హోటల్లో ఏది దొరికితే అది. ఒకరోజు కోర్టు వరండాలో సుంకన్న నన్ను ఎగాదిగా చూశాడు.

"శానా చిక్కిపోతాండావప్పా. ఇల్లు ఇడిసిపెట్టు, ఒళ్లు దానంతటదే వస్తాది."

ఆ మాట నిజం. ఆయన నోటి నుంచి రావడం వల్ల నాకు అది నిజమని అనిపించలేదు.

నాలుగో వాయిదాకు ఖాసింసాబు సాక్ష్యం. ఆ ఉదయం మలం నల్లగా వచ్చింది. డాక్టరు మాట గుర్తుకు రాలేదని చెప్పను, వచ్చింది. నేను లేకుంటే ఎక్స్‌పార్టీ అయి ఏకపక్షంగా తీర్పు వచ్చేస్తుందని మా వకీలు చెప్పిన మాట దానికంటే ముందు వచ్చింది. నా భార్యకు చెప్పకుండా బట్టలు మార్చుకొని కోర్టుకు పోయాను.

ఖాసింసాబు బోనులో నిలబడి, సుంకన్న వైపు చూడకుండా చెప్పాడు: "ఏటా పరిచేంతే పరిచినా సామీ. ఆ దూలానికి రెండేండ్ల కిందటనే చెదలు పట్టినాది. నేనే సుంకన్నకు చూపించినా."

మా వకీలు నా వైపు చూసి తల ఊపాడు. కేసు నా వైపు తిరిగిందని ఇద్దరికీ తెలిసింది. నేను లేచి నిలబడ్డాను. నోటి నిండా ఏదో వచ్చింది. కోర్టు నేల మీద ముదురు నెత్తురు కక్కుకొని అక్కడే పడిపోయాను.

తరువాతి నాలుగు రోజులు నాకు సరిగా తెలియవు. హెమోగ్లోబిన్ అడుగంటిందని, తోటి విలేఖరులు ఇద్దరు నెత్తురు ఇచ్చారని, బ్లీడింగ్ ఆగక మూడోనాడు ఆపరేషన్ చేసి కడుపులో కొంత భాగం తీసేశారని ఇతరులు చెప్పగా విన్నాను. కుట్లకు చీము పట్టింది. ఐదు వారాలు మంచం మీదే ఉన్నాను.

డాక్టరు ఒకసారి పక్కన కూర్చొని అన్నారు: "ఇంటి గొడవ సంగతి మీ భార్య చెప్పింది. మీరు చెప్పి ఉంటే ఆ ఇంటికి మిమ్మల్ని తిరిగి పంపేవాణ్ణి కాదు."

మాట్లాడే ఓపిక వచ్చిన రోజు వెంకటసుబ్బమ్మ పాల గ్లాసు చేతికిచ్చి చెప్పింది. "తాళం ఇచ్చేసినా."

"ఎవరికి?"

"సుంకన్నకే. సామాన్లు కడపకు, మా అన్న ఇంటికి పంపినా."

"ఖాసిం సాక్ష్యం చెప్పినాడు. అది గెలిచే కేసు!"

"గెలిచి యాడ ఉంటావు? ఆయప్ప మిద్దె కిందనే గదా. నువ్వు ఉంటావో పోతావో తెలీక నాలుగు దినాలు ఈ ఆసుపత్రి వరండాలో కూసున్యా. ఇల్లు నాకు గుర్తుకే రాలే."

రెండు రోజులు నేను ఆమెతో మాట్లాడలేదు. నా ప్రాణం కోసం ఇల్లు వదిలిన మనిషితో. ఈ వాక్యం రాయడం ఇప్పటికీ సులువుగా లేదు.

మూడేళ్లు తిరగకుండా రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. గుమాస్తాలు వెళ్లిపోయారు. సుంకన్న మిద్దెకు తాళం పడిందని, అడిగే దిక్కు లేదని విన్నాను. సంతోషం కలగలేదు. ఆ సాక్ష్యం తరువాత సుంకన్నే కాదు, ఆ వీధిలో ఇళ్లున్న వారెవరూ ఖాసింసాబును చవుడు పరచడానికి పిలవలేదు. ఆయన ఒకసారి కడపకు వచ్చి నన్ను చూసి పోయాడు. పని సంగతి నేను అడిగితే, "నడుస్తాండాది అయ్యా," అన్నాడు. నడవడం లేదని ఆయన చెప్పులు చూస్తే తెలిసింది.

ఇప్పుడు కడపలో రెండు గదుల్లో ఉంటున్నాము. రోజుకు ఆరుసార్లు పిడికెడేసి తింటాను. కొంచెం ఎక్కువైతే చెమటలు పోసి కళ్లు తిరుగుతాయి. వార్తల కోసం ఊళ్లు తిరిగే ఓపిక పోయింది, ఇంట్లో కూర్చొని రాయగలిగింది రాస్తాను. పోయిన బరువు తిరిగి రాలేదు.

కోర్టు తగాదాలో ఉండి, కడుపులో పుండుతో బాధపడుతున్నవారికి ఒకటే చెబుతాను. మలం నల్లగా కనబడిన రోజున, వాయిదా ఎంత ముఖ్యమైనదైనా సరే, నేరుగా ఆసుపత్రికి పోండి. అక్కడి నుంచి మెడికల్ సర్టిఫికెట్ మీ వకీలుకు పంపండి. కేసు వాయిదా పడుతుంది. ఇరవై ఏళ్లు కోర్టు వార్తలు రాసినవాణ్ణి, జలుబుకు కూడా వాయిదాలు పడడం నా కళ్లతో చూశాను.