నూనె వేయని నడకబండి

తాండూరులో ఉండే మా చెల్లెలి కొడుక్కి ఈ రోజు ఏడాది నిండింది. గోడ పట్టుకుని నిలబడుతున్నాడని తెలిసి, వాడికోసం అక్కడి వడ్రంగి సలీం చాచాకు మూడు చక్రాల నడకబండి చెప్పి ఉంచాను. పొద్దున వికారాబాద్‌లో రైలెక్కి, దిగగానే ఆయన దుకాణానికే పోయాను. టేకు చెక్క, అంచులన్నీ చెంపకు ఆనించుకునేంత నున్నగా ఉన్నాయి. తోసి చూస్తే మాత్రం చక్రాలు బిర్రుగా ఉన్నాయి. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఏంది చాచా, జర నూనె గూడ వెయ్యలేదా?"

ఆయన నవ్వాడు. "కావాల్నని గట్ల వెట్టిన బేటీ. సుర్రున ఉరికితే పిలగాడు బోర్ల పడ్తడు. వాని జోరుకే కదలాలె. మంచిగ నడకొచ్చినంక నూనె పొయ్యుండ్రి."

"మరి ఎన్నేండ్లు వస్తది?"

మూలన పిడి అరిగి నల్లబడ్డ పాత బండి చూపించాడు. "మా బిడ్డ గిదే వట్టుకొని నడిచింది. ఇప్పుడు ఆమె కొడుక్కని ఒక్క గీర మారుస్తున్న," అంటూ కొత్త చక్రం ఎత్తి చూపాడు.

డబ్బులిచ్చి బండి తీసుకున్నాను. పిల్లాడు నిద్రలో ఉండగా బండిని చెల్లెలింట్లో ఇచ్చి, నూనె సంగతి చెప్పడం మరిచి, భోంచేసి బయలుదేరాను.

సాయంత్రం తిరుగు రైల్లో ఉండగా చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, నీ బండి కదుల్తనే లేదు. కొబ్బరినూనె పోస్తున్న."

"వద్దే!" అని నేనరిచిన అరుపుకు పెట్టెలో అందరూ ఇటు తిరిగారు.

అంతలో ఫోన్‌లో కిర్రుమని చప్పుడు. వెంటనే చెల్లెలి కేక: "అక్కా, నడుస్తుండు!"

ఇన్నేళ్లుగా పిల్లలకు నేనిచ్చిన బ్యాటరీ కార్లలో ఒక్కటీ ఇప్పుడు కదలదు. మీరిచ్చిన వాటిలో ఏది నడుస్తోంది?