చెత్తబుట్టతో సహా

ఓడ్‌వార్ ఫోటోలోంచి దేన్నీ తీసేసేవాడు కాదు. మా నార్వే దీవిలో కొండ బాగుంటే కొండను తీస్తారు, మనవరాలు నవ్వితే మనవరాలిని తీస్తారు. ఓడ్‌వార్ మాత్రం రేవు మధ్యలో మూడుకాళ్ళ స్టాండు పాతి, చుట్టూ ఉన్నదంతా ముక్కలు ముక్కలుగా తీసి, ఇంట్లో కూర్చుని ఒకే పొడవాటి బొమ్మగా అతికేవాడు. అందులో కొండా ఉండేది, దాని ముందు చెత్తబుట్టా ఉండేది.

"ఆ చెత్తబుట్ట తీసెయ్యరాదూ?" అన్నాను ఒకసారి.

"రేవులోంచి నువ్వు తీశావా?"

"లేదు."

"మరి నేనెందుకు తీస్తాను?"

ఒకసారి ఓ పిల్లి అతని కెమెరా తిరిగే వైపే నడిచి, ఒకే ఫోటోలో మూడుచోట్ల పడింది. ఊరంతా విరగబడి నవ్వింది. "మూడుచోట్లకీ వెళ్ళింది కదా, అబద్ధమా?" అన్నాడు.

నేను పడవల ఇంజన్లు బాగుచేస్తాను. ఒకరోజు అతను నా కొట్టుకి వచ్చి, "కెమెరా నడుం మీద తిరుగుతోంది, కంటి మీద, అంటే ముందున్న అద్దం మీద, తిరగాలి. లేకపోతే దగ్గరి స్తంభం ఒక పక్కకీ, దూరపు కొండ ఇంకో పక్కకీ జరిగి అతుకు పడదు," అన్నాడు. పాత పడవ ఇనుపముక్కతో ఒక పీట చేసిచ్చాను. ఆ తరువాత అతని అతుకు ఎక్కడుందో వేలు పెట్టి వెతికినా దొరికేది కాదు.

ఏటా మధ్యవేసవి పండక్కి, మంట వెలిగించే ముందు, గోదాముల ముందు ఊరంతా గుర్రపులాడం ఆకారంలో నిలబడాలి. తెరిచి ఉన్న వైపు సముద్రం. నీళ్ళ అంచున ఒక కొనలో స్టైనార్, రెండో కొనలో అతని తమ్ముడు యార్లే. వాళ్ళ నాన్న పడవని అమ్మేసినప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఆ పడవ మీద కుర్రతనంలో ఓడ్‌వార్ కూడా వాళ్ళతో వేటకి వెళ్ళినవాడే.

"ఒక్క అడుగు లోపలికి రండయ్యా, ఇద్దరూ!" అని ఏటా అరిచేవాడు.

"వాడున్న ఫోటోలో నిలబడ్డమే ఎక్కువ!" అనేవాడు స్టైనార్. ఇంకొంచెం దూరం జరిగితే నీళ్ళలో పడేవాడే.

వాళ్ళిద్దరి నడుమ ఉన్న సముద్రాన్ని కూడా ఓడ్‌వార్ వదిలేవాడు కాదు. అలలు ఒక ముక్కలో ఉన్నట్టు ఇంకో ముక్కలో ఉండవు. వాటిని అతకడానికే చలికాలమంతా పట్టేది.

"ఆ నీళ్ళు ఎవడు చూస్తాడోయ్, కోసిపారెయ్!" అన్నాను.

"ఉన్నదాన్ని కొయ్యకూడదు."

పోయిన మార్చిలో ఓడ్‌వార్, జబ్బుమంచం మీంచే, ఒక కాగితపు చుట్ట నా చేతిలో పెట్టాడు. "ఈసారిది గోడకి కొట్టకు. గుండ్రంగా చుట్టి, కొసలు కలిపి, సంఘం హాల్లో వేలాడదియ్యి. నేనొచ్చి చూస్తాను."

రాలేదు. అతన్ని పాతిపెట్టి వచ్చాక కాఫీ, రొట్టెలు ఆ హాల్లోనే. అప్పుడే ఆ చుట్టని పైకప్పుకి కట్టి, కొసలు కలిపాను. ఊరంతా ఆ ఉంగరం లోపల దూరి, తమ ముఖాలు వెతుక్కుంది.

కొసలు కలిసిన చోట సముద్రం ఉండాలి. చుక్క నీళ్ళు లేవు. స్టైనార్, యార్లే భుజానికి భుజం తగిలించి నిలబడి ఉన్నారు. అతుకు కనపడలేదు.

కాఫీ కప్పులతో అన్నదమ్ములిద్దరూ దాని ముందుకొచ్చారు.

"నా మీదికి ఒరిగావు," అన్నాడు స్టైనార్.

"నేనా? ఒరిగింది నువ్వు!"

"నేనెందుకు ఒరుగుతాను?"

"నాన్న బతికున్నప్పుడూ ఇంతే, తోసుకుంటూ నిలబడేవాడివి!"

కాఫీ చల్లారిపోయింది గానీ వాళ్ళ వాదన చల్లారలేదు. ఆ గోల వినాల్సినవాడు మాత్రం లేడు. నేను అప్పటిదాకా దాచుకున్న ఏడుపు నవ్వుగా మారింది.

ఈ ఏడాది పండక్కి స్టాండు నేను పాతాను. ఎవరు ఒరుగుతారో తేల్చుకోవడానికి ఇద్దరూ ఒకే కొనలో నిలబడ్డారు. వాళ్ళ కాళ్ళ దగ్గరే చెత్తబుట్ట.

"దీన్ని అవతల పెట్టనా?" అన్నాడు స్టైనార్.

"ముట్టుకున్నావంటే చూడు!" అన్నాడు యార్లే.