రాజేశం ఎప్పుడు నిద్రపోయాడు?

2021, సూరత్. కోవిడ్ రెండో వేవ్ తగ్గుముఖం పట్టింది. నేను స్టాఫ్ నర్సుగా ఉన్న ఆసుపత్రిలో రాజేశం అనే మరమగ్గం కార్మికుడికి బీపీ చూస్తున్నాను. "జర సాంచ బంద్ చెయ్యి అక్కా, పోగు తెగింది" అన్నాడు. వార్డులో ఏ మగ్గమూ లేదు. అతని వేళ్లు మాత్రం గాలిలో ముడి వేస్తున్నాయి. నాకు భయం వేసింది.

కోవిడ్ తగ్గి ఆ మధ్యే తోటి కార్మికులతో ఉండే గదికి వెళ్లాడు. అక్కడ మల్లేశం, శ్రీనులను కొట్టబోయాడని వాళ్లే తీసుకొచ్చారు.

"దిమాగ్ ఖరాబైంది సిస్టర్. ఇయ్యాల్నే రైలెక్కించి ఊరికి తోలేస్తం" అన్నాడు మల్లేశం.

"నా లుంగీ కట్టుకొని, నన్నే ఎవడ్రా నువ్వు అన్నడు" అన్నాడు శ్రీను.

"నిద్రపోతున్నాడా?" అని అడిగాను.

"మస్తు పండుకుంటడు. నేను డ్యూటీకి పోయినంక పగలంత గదే పని" అన్నాడు మల్లేశం.

"పగలు ఏడ పండుకున్నడు? రాత్రి డ్యూటీ చేసొచ్చి పరుపు మీద నేనుంట గద! రాత్రే పండుకుంటడు" అన్నాడు శ్రీను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సూరత్ శివారు కోసాడ్‌లోని ఆ గదిలో షిఫ్టుల ప్రకారం పరుపు చేతులు మారుతుంది. రాజేశం తన షిఫ్టు మానేశాక, అవతలి పూట నిద్రపోతున్నాడని ఎవరికి వారు అనుకున్నారు. అతను కన్ను మూయడం ఎవరూ చూడలేదు.

రైలు సంగతి ఆపమని బతిమాలి డాక్టర్‌కు చెప్పాను. అప్పటిదాకా మానసిక వైద్యుడి దగ్గరకు పంపాలనుకున్న ఆయన, అసలు నిద్రే లేదంటే మెదడుకే జబ్బేమోనని లంబార్ పంక్చర్ చేయించారు. వెన్ను నుంచి సూదితో నీరు తీసే పరీక్ష అది. ఆ నీటిలో రోగనిరోధక కణాలు ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉన్నాయి. ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ అన్నారు. అంటే, మనల్ని కాపాడాల్సిన కణాలే మెదడు మీదికి తిరగబడడం. కోవిడ్ వల్లేనా అంటే ఆయనా కచ్చితంగా చెప్పలేదు. స్టెరాయిడ్లతో మెల్లగా నిద్ర వచ్చింది, తర్వాత మనుషులు గుర్తొచ్చారు.

"శీనుగాన్ని తిట్టింది నేనేనా అక్కా?" అని అడిగాడు రాజేశం.



"మరి లుంగీ? అది గూడ రోగమే కట్టుకున్నదా?" అన్నాడు శ్రీను.

అందరం నవ్వాం. కానీ రాజేశం అడిగిన ప్రశ్న నాతో ఇంటిదాకా వచ్చింది. నాకూ కోవిడ్ వచ్చి తగ్గింది. మనిషి ఎక్కడ ఆగుతాడు, జబ్బు ఎక్కడ మొదలవుతుంది? ఇప్పటికీ నాకు అర్థం కాదు. అడగాల్సింది అడగడం మాత్రం నేర్చుకున్నాను.

మర్నాడు పొద్దున పిల్లలకు జడలు వేస్తూ చెప్పాను. "అమ్మ ఎప్పుడైనా మిమ్మల్ని గుర్తుపట్టకపోతే, రాత్రంతా పడుకోకపోతే, కోపమొచ్చిందనుకోకండి. వెంటనే నాన్నకు చెప్పండి."

"హోంవర్క్ చేయలేదని తిడితే?" అంది పెద్దది.

"అది నేనే" అన్నాను, అంత నమ్మకం లేకపోయినా.