ఉమ్ బాబ్ దారిలో తుమ్మచెట్టు కింద వనభోజనం

దోహా నుంచి పడమటి తీరంలోని ఉమ్ బాబ్‌కు మేము కారులో వెళ్ళింది సముద్రం కోసం కాదు, మా అమ్మ కోసం. ఆమె విజిట్ వీసా మీద మా దగ్గరికి వచ్చిన కొద్దిరోజులకే కార్తీకమాసం చివరి శుక్రవారం వచ్చింది. కోనసీమలో మా ఊరి పెద్దలు కొబ్బరితోటలో వనభోజనాలు పెట్టుకుంటే నీళ్ళు మోసేది, గుండిగలు తోమేది అమ్మే. అందరూ తిని లేచాక మిగిలింది తను తినేది. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేను. ఇక్కడ బడిలో పాఠాలు చెబుతున్నాను. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లాలో చిన్న వాటాలో ఉంటున్నాం. ఒక్కసారైనా అమ్మ చెట్టు కింద అందరితోపాటు కూర్చుని తినాలని నా కోరిక. ఖతర్‌లో ఉసిరిచెట్టు దొరకదు కాబట్టి ఏదో ఒక చెట్టు చాలనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యేదాకా దుకాణాలు మూసేస్తారు. అందుకని ముందురాత్రే మా పాత కొరోల్లాలో పెట్రోలు పోయించుకున్నాం. ముప్పై రియాళ్ళ లోపే అయింది. పొద్దున ఏడింటికి మావారు, నేను, అమ్మ, ఐదేళ్ళ పాప బయలుదేరాం. పులిహోర, పప్పు, అన్నం, పెరుగు, అమ్మ తెచ్చిన ఉసిరికాయ పచ్చడి డిక్కీలో సర్దాం. దుఖాన్ రోడ్డులో అరగంట వెళ్తే షహానియా వస్తుంది. అక్కడ చలికి దుప్పట్లు కప్పుకున్న ఒంటెలు వరసగా రోడ్డు దాటుతున్నాయి.

"వీటికి దుప్పట్లేంటే?" అంది అమ్మ.

"పందెం ఒంటెలు అత్తయ్యగారూ. మా కంపెనీ మమ్మల్ని కూడా అంత బాగా చూసుకోదు," అన్నారు మావారు.

తెరిచి ఉన్న ఒకే ఒక కొట్టులో టీ తాగాం. ఎక్కడికని అడిగాడు టీ పోసే మలయాళీ. చెప్పాను. "ఉమ్ బాబ్ మే పేడ్ మాఫీ, మేడమ్," అని తల అడ్డంగా ఊపాడు. అక్కడ చెట్లే ఉండవట.

అతను చెప్పింది దాదాపు నిజమే. దుఖాన్ దగ్గర దక్షిణానికి తిరిగాక చాలాసేపు నూనె పైపులు, తెల్లటి సున్నపురాతి గుట్టలు తప్ప ఏమీ కనిపించలేదు. దూరంగా ముళ్ళచెట్లు ఉన్నాయి కానీ మా కారు తారురోడ్డు దిగితే ఇసుకలో కూరుకుపోతుంది. పదిన్నరకు, రోడ్డు పనివాళ్ళు పేర్చిన సిమెంటు గొట్టాల పక్కన ఒక చెట్టు, ఒక రేకుల గది కనిపించాయి. అక్కడ నేల గట్టిగా ఉంది.

గదిలోంచి కాపలా మనిషి వచ్చాడు. మా మాటలు విని నవ్వాడు. "ఏడికెల్లి వచ్చిండ్రు? మాది జగిత్యాల దిక్కు. నా పేరు పోశెట్టి." భోజనానికి రమ్మంటే తన చాప కూడా తెచ్చి పరిచాడు.

అమ్మ చెట్టును పైనుంచి కిందికి చూసింది. "తుమ్మచెట్టు కింద వనభోజనం ఎవరైనా చేస్తారా?" అని, ఉసిరికాయ పచ్చడి సీసా చెట్టు మొదట్లో పెట్టి దణ్ణం పెట్టుకుంది. ఊరినుంచి తెచ్చిన విస్తరాకులు ఐదు పరిచింది. మమ్మల్ని కూర్చోబెట్టి గరిటె పట్టుకుంది.

"నువ్వూ కూర్చో అమ్మా."

"మీరు కానివ్వండి. నేను ఆనక తింటాను."

నేను మళ్ళీ అడిగాను. మావారు అడిగారు. ఆమె వినలేదు. అంతలో గాలి వీచింది. మా ఆకుల్లో అన్నం ఉంది, ఆమె ఆకు ఖాళీగా ఉంది. అది ఎగిరి గొట్టాల వైపు వెళ్ళిపోయింది. పోశెట్టి తింటున్నవాడల్లా లేచి పరిగెత్తి పట్టుకొచ్చాడు. దులిపి, చాప మీద పెట్టి, ఎగరకుండా ఎడమచేత్తో అదిమాడు.

"గీ గాలికి ఉత్త ఆకు ఆగుతదా, అవ్వా? కూసో. గరిటె ఇటియ్యి."

"నువ్వు తిను బాబూ, నేను ఆనక..."

"ఆనకేం తింటవ్, ఇసుక తింటవా? మూడేండ్లాయె నేను ఇంకొకలకు పెట్టక. నాకు నేనే వండుకుంట, నేనే పెట్టుకుంట. ఇయ్యాల పెట్టనియ్యి."

అమ్మ నా వైపు చూసింది. గరిటె ఇచ్చేసి కూర్చుంది. అతను చెయ్యి కడుక్కొచ్చి పులిహోర పెట్టాడు, అన్నం పెట్టాడు, పప్పు వేశాడు. ఆమె తల వంచుకుని, ఆకు అంచు పట్టుకుని, నెమ్మదిగా తింది. పాప మాత్రం, "యల్లా అమ్మమ్మా, తొందరగా తిను, సముద్రానికి వెళ్దాం," అంది.

కాసేపటికి అమ్మ తలెత్తింది. "పప్పు ఇంకొంచెం వెయ్యి బాబూ."

భోజనం దగ్గర ఆమె ఏదైనా అడగడం నేను వినడం అదే మొదటిసారి.

ఆ తరువాత ఉమ్ బాబ్ తీరానికి వెళ్ళాం. నీళ్ళు బాగా లోతు తక్కువ, పిల్లలకు మంచిది. చీకటి పడేలోగా ఇల్లు చేరాం. అమ్మను కూర్చోబెట్టాలని నేను ఏళ్ళ తరబడి అనుకున్నాను, ఆమెను కూర్చోబెట్టింది మాత్రం ఆ రోజే పరిచయమైన మనిషి. నేను బతిమాలాను. అతను గరిటె అడిగాడు. మీరూ ఈ దారిలో వెళ్ళి భోజనానికి ఆగితే ఒక్కటి గుర్తుంచుకోండి: విస్తళ్ళు ముందే పరిచి పెట్టకండి. మనిషి కూర్చున్నాకే ఆకు వేసి, వెంటనే అన్నం పెట్టండి. ఆ గాలిలో ఎవరి ఆకూ ఖాళీగా ఎదురుచూస్తూ ఆగదు.